ఎలివేషన్ షీట్లు ఉబ్బాయి, లోపలి గోడ తడుస్తోంది. సిలికాన్ కొడితే ఆగుతుందా?

సాగర్‌నగర్ తూర్పుముఖం

నమస్కారమండీ. మాది విశాఖ సాగర్ నగర్, సముద్రం వైపు తూర్పు ముఖం ఇల్లు. కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను. నాన్నగారు స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కట్టించారు. పోయినేడాది పై అంతస్తు ముందు గోడ పొడవునా చెక్క రంగు హెచ్‌పీఎల్ షీట్లు పెట్టించాం. గోడకి ఇనప పైపుల ఫ్రేము, దాని మీద స్క్రూలతో షీట్లు.

కొత్తలో చూసినవాళ్లంతా బాగుందన్నారు. ఇప్పుడు కొన్ని షీట్లు మధ్యలో ముందుకు ఉబ్బాయి. పక్కపక్క షీట్ల అంచులు ఒరుసుకుంటున్నాయి, మధ్యలో గోరు కూడా దూరదు. ప్రతి స్క్రూ కింద తుప్పు నీరు కారి ఎర్రటి చార. సాయంత్రం గాలి మొదలైతే మూల షీటు టకటకా కొట్టుకుంటుంది. అన్నిటికంటే బాధ ఏమిటంటే, ఆ గోడకి లోపలివైపు అమ్మ పడకగది. కిటికీ పైన పెయింటు పొక్కులు లేచి, వేలు పెడితే పుట్టీ రాలిపోతోంది. అమ్మకి ఆయాసం. మంచం హాల్లోకి మార్చేశాం.

చేసినాయన వచ్చి చూసి, "స్క్రూలు మార్చి, సందులన్నీ సిలికాన్‌తో మూసేస్తే చుక్క నీరు దిగదు" అంటున్నాడు. దానికి మళ్లీ డబ్బులు అడుగుతున్నాడు. అక్టోబరు వస్తోందంటే తుఫాను టెన్షన్ ఒకటి. మొత్తం విప్పించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లాసన్స్‌బే అక్క

తమ్ముడూ, సిలికాన్‌కి ఒప్పుకోకు. మా అపార్ట్‌మెంటు ముందువైపు అలాగే మూసేశారు. పైనుంచి దిగిన నీరు బయటికి పోయే దారి లేక లోపలి గోడలు ఇంకా ఎక్కువ తడిశాయి. ముందు ఒక్క షీటు విప్పించి వెనక ఏముందో ఫోటోలు తీసి పెట్టుకో, తర్వాత మాట్లాడటానికి పనికొస్తాయి.

గాజువాక ఫ్యాబ్రికేటర్

బాబూ, నేను ఈ పనే చేస్తాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

హెచ్‌పీఎల్ అంటే కాగితం పొరల్ని రెజిన్‌తో కలిపి వేడిలో గట్టిగా నొక్కి చేసిన షీటు. చూడ్డానికి రాయిలా ఉన్నా గాలిలో తేమ పెరిగితే సాగుతుంది, ఎండకి కుంచించుకుంటుంది. మీటరుకి రెండున్నర మిల్లీమీటర్ల వరకు కదలొచ్చని లెక్క వేసుకోవాలి. ఎనిమిదడుగుల షీటుకి ఆరు మిల్లీమీటర్లు. అందుకే షీటుకీ షీటుకీ మధ్య దాదాపు 10 మిల్లీమీటర్ల సందు వదలాలి. మీవాళ్లు అంచుకి అంచు ఆనించేశారు. వానాకాలంలో బిగుసుకుపోయే తలుపులాగే అది ఎటూ జరగలేక ముందుకి ఉబ్బింది.

స్క్రూ కన్నం విషయం ఎవరూ పట్టించుకోరు, నాకు అదే కోపం. షీటు మధ్యలో ఒక్క స్క్రూ మాత్రమే బిగుతుగా ఉండాలి. మిగతా కన్నాలన్నీ స్క్రూ కాండం కన్నా బాగా వెడల్పుగా తొలిచి, వెడల్పు తల ఉన్న స్క్రూ పెడితే షీటు దాని కింద జరుగుతుంది. అన్నీ బిగించేస్తే అది కదలడానికి చూసి కన్నం దగ్గర పగులుతుంది.

ఆ స్క్రూలకి అయస్కాంతం ఆనించి చూడు. గట్టిగా అతుక్కుంటే అవి జింకు పూత ఇనప స్క్రూలో, తక్కువ రకం స్టీలో. సముద్రం పక్కన 316 గ్రేడు స్టెయిన్‌లెస్ వాడాలి. మామూలుగా దొరికే 304 గ్రేడుకి, 316కి తేడా అయస్కాంతం చెప్పదు, అది బిల్లు మీద రాయించుకోవాల్సిందే. అలాగే ఫ్రేము పైపుని కింది చివర స్క్రూడ్రైవరు పిడితో కొట్టు. ఖంగుమంటే పర్లేదు. మందంగా శబ్దం వచ్చి లోపలినుంచి పెళ్లలు రాలితే ఆ పైపు అయిపోయినట్టే. వెల్డింగ్ చేసిన చోట తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్ పూత సరిగ్గా పడకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది.

ఇక తడి. షీటు ఎండని, వానని ఆపుతుంది గానీ నీటిని పూర్తిగా ఆపాల్సింది వెనకున్న గోడే. షీటుకీ గోడకీ మధ్య కనీసం 20 మిల్లీమీటర్ల ఖాళీ, కింద తెరిచి, పైన గాలి పోయే దారి, ఆ పైన నీరు పడకుండా రేకు మూత. సందులు మూసేస్తే ఆ గాలే ఉండదు.

కొట్టుకుంటున్న మూల షీటుని మాత్రం ఈ వారమే దింపించేయి. కట్టడాలు ఎంత గాలికి తట్టుకోవాలో చెప్పే కోడ్‌లో, అంటే ఐఎస్ 875 మూడో భాగంలో, విశాఖకి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను రోజు అంత గాలీ చూశాం. గాలి మూలల దగ్గరే షీటుని బయటికి గట్టిగా లాగుతుంది. ఊడి రోడ్డు మీద ఎవరికైనా తగిలితే ఆ తర్వాత ఏ రిపేరూ పనికిరాదు.

అక్కయ్యపాలెం వాసి

సముద్రం పక్కన ఈ షీట్లే వద్దంటాను. అన్నీ తీసేసి, పగుళ్లు పూడ్చి టెక్స్చర్ పెయింట్ వేయించుకోండి. ఖర్చు తగ్గుతుంది, పగులు వస్తే కంటికి కనిపిస్తుంది.

సాగర్‌నగర్ తూర్పుముఖం

అందరికీ థాంక్సండీ. మూల షీటు, దాని పక్కది దింపించాం. స్క్రూలన్నీ అయస్కాంతానికి అతుక్కున్నాయి. పైపులు గోడకి తాకేట్టే అడ్డంగా బిగించారు, షీటు వెనక గాలి కింద నుంచి పైకి పోయే దారే లేదు. పైన పిట్టగోడ దగ్గర తెరిచే ఉంది, వాన నీరు నేరుగా లోపలికి పడుతోంది. ఇంకొకటి, కిటికీ పైన బీముకీ ఇటుక గోడకీ మధ్య అడ్డంగా పగులు, గది పొడవునా. ఫ్రేము బిగించేటప్పుడు వేసిన ప్లగ్గుల్లో కొన్ని సరిగ్గా ఆ పగులులోనే ఉన్నాయి, చేత్తో లాగితే వచ్చేశాయి. కింది పైపు కొడితే గుప్పెడు తుప్పు రాలింది. షీట్లు మాత్రం అంచుల్లో పొరలు విడలేదు, రంగు కూడా పోలేదు. అవి మళ్లీ వాడొచ్చా గురువుగారూ? నాన్నగారికి ఆ చెక్క రంగు అంటే ఇష్టం.

గాజువాక ఫ్యాబ్రికేటర్

వాడొచ్చు. పొరలు విడకపోతే అది బయట గోడలకి వాడే గ్రేడు షీటే అయ్యుంటుంది, అయినా బిల్లు చూసుకో. అన్నీ దింపి నీడలో, సమతలంగా పరిచి పెట్టండి, గోడకి ఏటవాలుగా ఆనించొద్దు. ఒక్కో అంచు కొద్దిగా కోసి సందు తెచ్చుకోవచ్చు, పాత కన్నాలు వెడల్పు చేస్తే సరిపోతుంది. ఫ్రేము మాత్రం అల్యూమినియంకి మారండి. అల్యూమినియం నేరుగా ఇనుముని తాకకూడదు, ఉప్పు గాలికి రెండూ కలిస్తే అల్యూమినియమే తినేసినట్టు పాడైపోతుంది. పాత ఇనప పైపు ఒక్కటి కూడా మిగల్చకండి.

ముందు గోడ పని. ఆ పగులుని వీ ఆకారంలో తొలిచి, పాలిమర్ మోర్టార్‌తో (పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో) నింపి, దాని మీద కోళ్ల జాలీ వేసి ప్లాస్టరింగ్, తర్వాత బయట వాటర్‌ప్రూఫ్ కోటింగు. ప్లగ్గులు పగులుకి దూరంగా, కాంక్రీటు దొరికిన చోట యాంకర్ బోల్టులే వేయమనండి.

అక్కయ్యపాలెం ఆయన మాట తప్పేం కాదు. చేతిలో డబ్బు తక్కువుంటే ఈ ఏడాది గోడ వరకు చేయించి, షీట్లు వేసవి ముందు పెట్టించుకోండి. అమ్మగారి గది గోడతోనే బాగుపడుతుంది. లోపలి పెయింటు మాత్రం అప్పుడే వేయొద్దు, గోడ పూర్తిగా ఆరాలి.

షీట్లు ఎక్కించే ముందు నీళ్ల పైపుతో గోడకి నీళ్లు పట్టి చూడండి. కింద నుంచి పైకి, ఒక్కో వరస మీద పావుగంట, లోపల ఒకరు టార్చితో నిలబడాలి. పైనుంచి మొదలుపెడితే ఎక్కడ దిగుతోందో తెలియదు. పనివాడికి ఆఖరి వాయిదా ఆ పరీక్ష అయ్యాకే ఇస్తామని ముందే కాగితం మీద రాయించుకోండి.