అమెరికా పార్సెల్ దారిలో పోతే జవాబు చెప్పాల్సింది ఎవరు? పోస్టాఫీసా, కొరియరా?

రిటైర్డ్ లెక్చరర్, హన్మకొండ

సంక్రాంతికి ముందు డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి 12 కేజీల బాక్సు పంపాను. సకినాలు, గారెప్పలు, మామిడికాయ తొక్కు, కారప్పొడి, రెండు చీరలు. మా ఇంటికి దగ్గర్లోనే ఒక కొరియర్ షాపులో బుక్ చేశాను. వారంలో డోర్ డెలివరీ అన్నారు. ఇవాళ్టికి 34 రోజులు. షాపతన్ని అడిగితే హైదరాబాద్ ఆఫీసు అంటాడు. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే అమెరికా కస్టమ్స్‌లో ఉందంటారు. అమ్మాయి అక్కడి కంపెనీకి ఫోన్ చేస్తే, "మీరు మా కస్టమర్ కాదు" అన్నారట.

పోటీ పెరిగితే సేవ బాగుపడుతుందని ముప్పై ఏళ్లు ఎకనామిక్స్ క్లాసులో చెప్పినవాణ్ని. మా వీధిలోనే నాలుగు కొరియర్ షాపులున్నాయి. పోటీకి కొదవ లేదు. మరి బాధ్యత ఎవరి దగ్గరుంది? పోస్టాఫీసులో ఇస్తే ఇలా అయ్యేది కాదా?

పోస్టల్ రిటైర్డ్, కాజీపేట

అయ్యేది కాదని నేను చెప్పను సార్, అక్కడా ఆలస్యమవుతాయి. కానీ ఎవరిని అడగాలో వెతుక్కునే పని ఉండదు. పార్సెల్ పోయిందంటే బుక్ చేసిన దేశం పోస్టుకే ఫిర్యాదు చేయాలి. పోస్ట్ చేసిన మర్నాటి నుంచి ఆరు నెలల్లోగా ఇవ్వొచ్చు. అమెరికా పోస్టు తప్పా, విమానం తప్పా అన్నది వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు.

ఇది ఇవాళ్టి ఏర్పాటు కాదు. 1874లో బెర్న్‌లో కొన్ని దేశాలు కలిసి పోస్టల్ యూనియన్ పెట్టాయి, 1876లో మన దేశం చేరింది. ఇప్పుడు అందులో 192 దేశాలున్నాయి. చాలాకాలం ఎవరి స్టాంపు డబ్బులు వాళ్లే ఉంచుకునేవాళ్లు, అవతలి దేశం ఊరికే పంచిపెట్టేది. వచ్చే ఉత్తరాలెన్నో పోయే ఉత్తరాలూ అన్నే అనే లెక్క. లెక్క కుదరడం లేదని 1969లో టోక్యోలో టెర్మినల్ డ్యూస్ పెట్టారు. అంటే మనం ఇక్కడ వేసిన ప్యాకెట్టును డల్లాస్‌లో గడప దాకా చేర్చినందుకు మన పోస్టు వాళ్ల పోస్టుకు కట్టే కూలి.

కొరియర్ ఫ్రాంచైజీ, నక్కలగుట్ట

సార్ సర్వీసుకు నమస్కారం. కానీ 2025 ఆగస్టు ఎవరికీ గుర్తు లేనట్టుంది. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేదన్న మినహాయింపును అమెరికా ఆ ఆగస్టు 29 నుంచి తీసేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలి, ఎట్లా కట్టాలి అన్నది తేలలేదని మన పోస్టు ఆగస్టు 25 నుంచే అమెరికా బుకింగులు దాదాపు అన్నీ ఆపేసింది. మళ్లీ అక్టోబరు 15 దాకా లేదు. సద్దుల బతుకమ్మ, దసరా రెండూ మధ్యలోనే పోయాయి. ఆ యాభై రోజులు పిల్లలకు చీరలు ఎవరు పంపారు? మేమే.

ఇక నష్టపరిహారం అంటారా? 1898 నాటి పోస్టాఫీసు చట్టంలో ఆరో సెక్షన్ ఉండేది. పోయినా, పగిలినా, ఆలస్యమైనా ప్రభుత్వానికి బాధ్యత లేదని. 2023లో కొత్త చట్టం వచ్చింది, 2024 జూన్ నుంచి అమల్లో ఉంది. అందులో పదో సెక్షన్ కూడా, రూల్సులో రాసినంత మేరకే తప్ప బాధ్యత లేదనే అంటుంది. ఆ మాట మా రసీదు వెనక రాస్తే మమ్మల్ని దొంగలంటారు.

పోస్టల్ రిటైర్డ్, కాజీపేట

సెక్షన్ సంగతి నిజమే తమ్మీ, కాదనను. కానీ రూల్సులో రాసినంత మేరకైనా ఇచ్చేవాడెవడో తెలుసు కదా. పోయిన రిజిస్టర్డ్ ప్యాకెట్టుకు, పార్సెల్‌కు ఎంతివ్వాలో ముందే రాసి ఉంటుంది. ఆ మొత్తం చూస్తే నవ్వొస్తుంది, అది వేరే సంగతి.

ఇంకోటి. మీకు లాభమున్న ఊళ్లకే మీరు పోతారు. దేశంలో లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసులున్నాయి, పదింట తొమ్మిది పల్లెల్లోనే. ఏటూరునాగారం అవతలి గూడేనికి అమెరికా నుంచి కవరు వస్తే మోసుకుపోయేది ఎవరు?

దర్రీల ఆర్డర్లు చూసే అమ్మాయి, కొత్తవాడ

మా నాన్నది నేల మీద పరిచే దర్రీల మగ్గం. నేను ఆన్‌లైన్ ఆర్డర్లు చూస్తాను. చిన్న సైజువి పోస్టులో, పెద్ద దర్రీలు కొరియర్‌లో పంపిస్తాను. ఇద్దరి దగ్గరా ఫారాలు నింపీ నింపీ వేళ్లు నొప్పి పుట్టాయి, అందుకే ఒక మాట.

లెక్చరర్ గారూ, ఎయిర్‌వే బిల్లు కాపీ ఉందా? షాపు ఇచ్చిన రసీదు కాదు. బాక్సు మీద అతికించేది. అందులో పంపినవారి పేరు, లోపల ఏముందని రాశారు, విలువ ఎంత, ఈ మూడు చూడండి.

జగిత్యాల నుంచి

మీరు అమెరికా గురించి కొట్టుకుంటున్నారు. మా ఊళ్లో ఇంటికొకరు దుబాయిలోనో సౌదీలోనో ఉన్నారు. క్యాంపులో ఉండేవాళ్లకు ఇంటి నంబరుతో అడ్రస్ ఎక్కడిది? ఏం పంపాలన్నా సెలవుకు వచ్చి పోయేవాళ్ల చేతే పంపిస్తాం. మా ఆయన పోయినసారి పోయేటప్పుడు పక్కింటావిడ మసాలా పొట్లం ఇచ్చింది. విప్పి చూస్తే గసగసాలు. మనకు మటన్ కూరలోకి, అక్కడ మత్తు పదార్థం కింద లెక్క. నొప్పుల గోలీలు కొన్నిటిదీ అదే సంగతి. దొరికితే జైలు పాలయ్యేది పంపినామె కాదు, మోసినాయన. పొట్లం వాపసు ఇచ్చేశాను, ఆమె ఇప్పటికీ మాట్లాడదు.

బాధ్యత అంటే మాకు ఇట్లనే తెలుసు. బ్యాగు ఎవరిదో కేసు వాళ్ల మీద.

రిటైర్డ్ లెక్చరర్, హన్మకొండ

అమ్మా కొత్తవాడ, నువ్వు చెప్పినట్టే షాపుకు పోయి వాట్సాప్‌లో ఫోటో పెట్టించుకున్నాను. పంపినవారి దగ్గర నా పేరు లేదు! ఏదో ట్రేడింగ్ కంపెనీ, సికింద్రాబాద్ అడ్రస్. లోపల ఏముందన్న చోట 'గార్మెంట్స్'. విలువ 20 డాలర్లు. సకినాల ఊసే లేదు. నా ఆధార్ జిరాక్స్ మీద, ఒక ఖాళీ ఫారం మీద నేనే సంతకం పెట్టానట. పెట్టాను కూడా. "ఫార్మాలిటీ సార్" అంటే పెట్టాను. పరీక్షల డ్యూటీలో ఖాళీ పేపరు మీద సంతకం పెట్టొద్దని పిల్లలకు చెప్పినవాణ్ని.

దర్రీల ఆర్డర్లు చూసే అమ్మాయి, కొత్తవాడ

అనుకున్నాను. అమెరికాకు తినే వస్తువు పోతే మామూలుగా అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందస్తు నోటీసు ఇవ్వాలి. మీకు పనికొచ్చే మినహాయింపు ఒకటుంది. ఇంట్లో స్వయంగా వండి, ఆ వండినవాళ్లే సొంత మనిషికి కానుకగా పంపితే నోటీసు అక్కర్లేదు. మీ ఇంటి సకినాలకు సరిగ్గా అది వర్తిస్తుంది. కానీ పంపింది ట్రేడింగ్ కంపెనీ అయినప్పుడు అది ఇంటి వంట ఎట్లా అవుతుంది? పైగా రాసింది బట్టలని, స్కానర్‌లో కనిపించేది తొక్కు సీసాలు. ఆపకపోతేనే ఆశ్చర్యం.

కొరియర్ ఫ్రాంచైజీ, నక్కలగుట్ట

ఆ షాపు నాది కాదు, కానీ సంగతి దాచను. చిన్న షాపులకు పెద్ద కంపెనీలో సొంత అకౌంట్ ఉండదు. హైదరాబాద్‌లో ఒకరికి ఉంటుంది. టన్నుల్లో పంపుతారు కాబట్టి వాళ్లకు రేటు తక్కువ. మేం వాళ్లకిస్తాం, వాళ్లు కంపెనీకిస్తారు. బిల్లు వాళ్ల పేరు మీదే వస్తుంది. లెక్చరర్ గారిచ్చిన డబ్బులో ముగ్గురి వాటా ఉంది, తప్పులో మాత్రం ఎవరి వాటా ఎంతో రాసుండదు. తిలాపాపం తలా పిడికెడు.

కానీ కస్టమర్ కూడా చూడాలి. సకినాలు తేలిక, బాక్సు పెద్దది. బాక్సు ఆక్రమించే చోటును కూడా బరువు కింద లెక్కేస్తారు. 50, 40, 40 సెంటీమీటర్ల బాక్సు అనుకోండి. గుణించి 5000తో భాగిస్తే 16 వస్తుంది. తూకం 12 ఉన్నా 16 కేజీలకు కట్టాలి. ఆ మాట చెబితే పక్క షాపులో 12కే తీసుకుంటున్నాడని లేచిపోతారు. పక్క షాపువాడు ఆ నాలుగు కేజీలు ఎక్కడ మిగిల్చుకుంటాడో ఎవరూ అడగరు.

పోస్టల్ రిటైర్డ్, కాజీపేట

ఈ బేరమే పోటీ అంటున్నారు, అదే నా బాధ.

దేశం దాటి విమానంలో పోయిన కార్గోకు మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందం కింద కేజీకి 26 ఎస్‌డీఆర్‌ల (ఐఎంఎఫ్ లెక్కల యూనిట్) దాకా బాధ్యత ఉంటుంది, 2024 డిసెంబరు 28 నుంచి ఆ లెక్క. మన డబ్బులో కేజీకి సుమారు మూడు వేలు. 12 కేజీలంటే తక్కువేం కాదు. కానీ పంపినవారిగా మీరు అడగాలంటే బిల్లు మీద మీ పేరుండాలి. పేరేమో ట్రేడింగ్ కంపెనీది.

లెక్చరర్ గారూ, విమానం వాళ్ల జోలికి పోకండి. డబ్బు తీసుకుని రసీదిచ్చింది ఈ షాపు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంది. వాట్సాప్ ఫోటో తుడిచేయకండి.

కొరియర్ ఫ్రాంచైజీ, నక్కలగుట్ట

కేసు వేయండి, నేనూ తప్పనను. కానీ లెక్చరర్ గారిని ఒకటి అడుగుతాను. మీ పేరు మీదే బిల్లు, లోపల ఉన్నది ఉన్నట్టు రాసి, 16 కేజీలకు 16 కేజీల రేటు. వచ్చే సంక్రాంతికి నా దగ్గర బుక్ చేస్తారా?

రిటైర్డ్ లెక్చరర్, హన్మకొండ

రేటు చెప్పండి ముందు.

కొరియర్ ఫ్రాంచైజీ, నక్కలగుట్ట

ఇదిగో, మళ్లీ అక్కడికే వచ్చారు సార్.