అప్‌డేట్: ఆరోగ్య విధానంలో పోస్ట్‌డాక్, చివరికి టీ32లోనే చేరాను

అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ అయ్యాక అమెరికాలో ఫెడరల్ నిధులతో నడిచే టీ32 శిక్షణలో చేరాలా, ఒక ప్రొఫెసర్ గ్రాంటు మీద ఉద్యోగానికి కుదరాలా అని లోగడ అడిగాను. తాత్కాలిక వీసాల వారికి టీ32 అర్హత ఉండదని మీరు చెప్పినది నిజమే. గ్రీన్‌కార్డు ఉండటంతో అందులోనే చేరాను.

ఇచ్చేది జీతం కాదు, స్టైపెండ్. పన్ను ముందుగా కోయరు కనుక, ఏడాదికి నాలుగు విడతలుగా అంచనా పన్ను మనమే కట్టుకోవాలి. మొదటి ఏడాది పొందిన సాయాన్ని నెలకు నెల చొప్పున పరిశోధనతోనో బోధనతోనో తీర్చవలసి ఉన్నా, రెండో ఏడాది శిక్షణ కొనసాగిస్తే ఆ నెలలే దానికి చెల్లు అవుతాయి.

అసలు లాభం ఇద్దరు మార్గదర్శకులు ఉండటం. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరణపై నేను రాస్తున్న వ్యాసంలో, లూసియానా 2016లోనూ వర్జీనియా 2019లోనూ చేరాయి కాబట్టి రాష్ట్రాలన్నిటినీ విస్తరణ మొదలైన 2014తో ఒకే గాటన కట్టకూడదని ఆర్థికవేత్త అయిన మేడమ్ పట్టుబట్టారు. రెండోవారు వైద్యులు, ఆయన పట్టికను పక్కకు నెట్టి, "బీమా వచ్చిన రోగికి అపాయింట్‌మెంట్ ఇచ్చే డాక్టర్ దొరికారా?" అని అడిగారు. వ్యాసం దిశ మారింది ఆ ప్రశ్నతోనే. ఒకే ప్రొఫెసర్ దగ్గర ఉంటే ఇది జరిగేది కాదేమో.

మెడికెయిడ్ క్లెయిముల డేటాకు అనుమతి, రుసుము, నెలల తరబడి నిరీక్షణ తప్పవు. ఈలోగా ఉచితంగా దొరికే మెప్స్ అనే వైద్య ఖర్చుల సర్వేతో పని నడుపుతున్నాను. దాని బహిరంగ ఫైళ్లలో రాష్ట్రం వివరం ఉండదు కనుక అది పద్ధతుల సాధనకే పరిమితం.