సమస్య: ‘రెక్కలేని పక్షి రివ్వునెగిరె’

ఈ వారపు సమస్య ఆటవెలదిలో నాలుగవ పాదం. రెక్క లేదంటూనే ఎగిరిందంటున్న విరోధాన్ని మొదటి మూడు పాదాలలో పరిహరించాలని కోరగా వచ్చిన పూరణలలో మూడింటిని నా అభిప్రాయంతో ఇక్కడ ఉంచుతున్నాను.

చిత్తూరు మిత్రుని పూరణ:

కాగితమ్ము మేను, కర్రపుల్లయె యెమ్ము,
దారమొకటె దాని ప్రాణనాడి,
మిద్దెమీద నిలిచి మేమెల్ల చూడంగ
రెక్కలేని పక్షి రివ్వునెగిరె.

రెండవ పాదంలో ‘దా’కు ‘ప్రా’తో యతి కుదరలేదు, ‘దారమొకటె దాని దారి చూపు’ అంటే సరిపోతుంది. అయితే గాలిపటమని తెలియగానే పద్యం పొడుపుకథలా విడిపోతున్నది.

తిరుపతి మిత్రుని పూరణ:

కొత్త బట్టమీద కొలువైన గరుడుండు
త్రాడు వెంట గాలి దారి పట్టె,
కంబమెక్కు వేళ గంటలు మోగంగ
రెక్కలేని పక్షి రివ్వునెగిరె.

తిరుమల బ్రహ్మోత్సవాల ఆరంభంలో గరుడుని చిత్రించిన పటాన్ని ధ్వజస్తంభం మీదికి ఎగురవేసే ధ్వజారోహణం ఇక్కడి వస్తువు. ఊహ చక్కనిది. కానీ పటంలోని గరుడునికి రెక్కలు గీసే ఉంటాయి. గీసిన రెక్క రెక్క కాదన్న మాట పద్యంలోకి రాలేదు. పైగా తాడు లాగుతుండగా పటం మెల్లగా పైకి పోతుందే గాని రివ్వున పోదు.

పూరణకర్త: “రంగు రెక్కకు ఈకలు లేవు గదా అని నా భావన.”

ఆ భావననే మూడవ పాదంలో చెప్పి, గంటలను వదులుకోండి.

శ్రీకాళహస్తి సోదరి పూరణ:

వెదురు కలముతోడ విహగమ్ము గీయంగ
కరకపాలబట్ట కనులు దెఱచె,
రెక్క గీయుమునుపె, రెప్ప వాల్చకముందె
రెక్కలేని పక్షి రివ్వునెగిరె.

ఈ పద్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కలంకారీలో బట్టను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. బెల్లం నీటిలో పాత ఇనుమును ఊరవేసిన ద్రావకంతో దానిపై గీత గీస్తే, కరక్కాయ వగరు తగిలి ఆ గీత నల్లబడుతుంది. రెండవ పాదం ఆ నల్లబడే క్షణాన్నే పట్టుకొన్నది. కన్ను తెరిచినది పక్షి అనకుండా బట్ట అనడంలోనే ఈ కవయిత్రి చూపు ఉన్నది. రెక్క ఇంకా గీయలేదు కనుక ‘రెక్కలేని’ అన్న మాట నిజం. చూచేవారి మనస్సు అప్పటికే దానిని ఎగరవేసింది కనుక ‘ఎగిరె’ అన్నదీ నిజం. రూపకం ఇంతగా వస్తువులో కలిసిపోవడం అరుదు.

చంద్రగిరి మిత్రుడు: “అమ్మా, రెప్ప వాల్చనిది ఎవరు? బట్టా, చిత్రకారుడా, పక్షా? అన్వయం తేలడం లేదు.”

కవయిత్రి: “అయ్యా, మా నాన్నగారు నెమలికి మెడ, కన్ను గీసిన తరువాత, కలానికి చుట్టిన ఉన్నిని మళ్ళీ రంగులో ముంచుకొనేవారు. ఆలోగా ఆ నెమలి ఎగిరిపోతుందేమోనని నేను బట్ట అంచును రెండు చేతులా పట్టుకొని కూర్చొనేదాన్ని. ఆ రెప్ప నాది.”