లంకెబిందె దొరికితే రైతుకు లోహం ధరేనా?

చర్చాంశం: పొలం చదును చేస్తుంటే పాత నాణేల కుండ బయటపడింది. 1878 నాటి నిధుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం దాన్ని తీసుకుంటే లోహం విలువ కట్టి, దానిమీద ఐదో వంతు కలిపి ఇస్తుంది. ఇది న్యాయమేనా?

నాణేలపెట్టె: కాదు. శాతవాహనుల సీసం నాణేలు కిలో దొరికాయనుకోండి. సీసం కిలో 200 రూపాయలని లెక్కేస్తే చేతికొచ్చేది 240. కూలి కూడా గిట్టదు. బంగారమైతే కంసాలి ఆ రోజే డబ్బు లెక్కపెడతాడు. ఆ ఐదో వంతు కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగేదెవరు? అందుకే నాణేలు కొలిమిలోకి పోతున్నాయి. లోహం ధర కాదు, పురావస్తువుగా పలికే ధర ఇవ్వాలి.

పాతరెవెన్యూ: 16 ఒక్కటే చదివితే ఎలా సార్? తీసుకోవడం ప్రభుత్వం ఇష్టం, తప్పనిసరి కాదు. 10 రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, విలువ సుమారు ఎంత, ఎక్కడ, ఏ రోజు. నిధిని ట్రెజరీలో జమ చేయాలి, లేదా జామీను ఇవ్వాలి. ఆపైన ప్రకటన. హక్కుదారులు రావడానికి 4 నుంచి 6 నెలల గడువు. ఎవరూ తేలకపోతే, ప్రభుత్వమూ తీసుకోకపోతే ముప్పావు దొరికించుకున్నవాడికి, పావు భూమి యజమానికి. దాచిపెడితే ఆ వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా. మీరన్నట్టు పురావస్తు ధర ఇచ్చామంటే గుప్తనిధుల ముఠాలు పాడుబడ్డ గుడిలో నందిని కూడా పెకలిస్తాయి.

నాణేలపెట్టె: వాళ్లు ఇప్పుడు మాత్రం ఆగారా? ఇంగ్లండులో 1996 చట్టం కింద మ్యూజియం తీసుకుంటే మార్కెట్ ధరే కడతారు, దాన్ని నిపుణుల కమిటీ తేలుస్తుంది. అనుమతి లేకుండా తవ్వినవాడికి కోత పెట్టొచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు. ఆ తేడా మన చట్టంలో రాయలేమా?

జేసీబీ_లెక్క: ధర సంగతి సరే, ముప్పావు ఎవరిది? 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో వెంచర్ కోసం నేల చదును చేస్తుంటే బిందెలో బంగారు, వెండి నగలు బయటపడ్డాయి. అలాంటి చోట దొరికించుకున్నది డ్రైవరా, పని చేయించినవాడా? తగువంతా అక్కడే. వాటా గురించి దొరికించుకున్నవాడు, భూమి యజమాని ముందే ఒప్పందం చేసుకోవచ్చని చట్టమే అంటోంది. పని మొదలయ్యే ముందు కాగితం రాసుకునేవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

మట్టిపొర: ధర ఎంతైనా మొదటి గంటలోనే సగం చరిత్ర పోతుంది, దాని మీద ఎవరూ మాట్లాడరేం? కుండలో అన్నిటికంటే కొత్త నాణెం ఏదో తెలిస్తేనే, దాన్ని పాతిపెట్టింది ఆ తర్వాతేనని చెప్పగలం. అన్నదమ్ములు గుప్పెడేసి పంచుకున్నాక ఆ ఆధారం దొరకదు. కుండ ఎత్తకండి, లోపలి మట్టి దులపకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. అతుక్కున్న నాణేలను విడదీయొద్దు. చింతపండు, నిమ్మరసం అసలే వద్దు: పై పొరతో పాటు అక్షరాలూ పోతాయి. తహసీల్దారు వచ్చాక ఒక్కో రకాన్ని విడిగా లెక్కపెట్టి, తూచి, పంచనామాలో రాయించి సీలు వేయించండి. "నాణేలు, ఒక మూట" అని రాస్తే సంతకం పెట్టొద్దు. తర్వాత మూటలో ఎన్ని తగ్గినా అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

పాతరెవెన్యూ: ఆ చివరి మాట నిజం. సంఖ్య, బరువు రెండూ ఉండాల్సిందే.