ఒక్క నకారం పోతే... తర్వాత ఏంది?

దేవరకొండ పాతకాపు: నల్లగొండ గడియారం చౌరస్తా దగ్గర మా మేనమామ రేడియోలు బాగుచేసేవాడు. ఏ సెట్టు విప్పినా ఒక మాట అనేవాడు, 'ఒక్క నకారం పోతే లాభం...' తర్వాత 'నట్టం' అని ఏదో వస్తది. సోనీ కంపెనీ గురించే అని మాత్రం గుర్తుంది. రెండు రోజుల నుంచి ఇదే టెన్షన్.

పాలమూరు సారు: నట్టం కాదు, నష్టం. లాటిన్ 'సోనస్' (శబ్దం)కి ఇంగ్లిష్ 'సన్నీ' (sonny, చిన్నోడా అనే పిలుపు) కలిపి పేరు కట్టారు. ఆ రెండు ఎన్‌లూ ఉంచితే జపాన్ వాళ్ల నోట 'సొన్-నీ' అవుతుంది, 'సొన్' అంటే వాళ్లకు నష్టం. అందుకే ఒకటి తీసేసి 1955లో టీఆర్-55 రేడియో మీద సోనీ అని వేశారు, 1958లో కంపెనీ పేరే అది చేశారు.

సూర్యాపేట ఛందస్సు: కథ అందరికీ తెలిసిందే సారూ, అడిగింది మాట గురించి. 'ఒక్క' అని ఎత్తుకున్నాక రెండో పాదం 'చిక్క' అనో 'లెక్క' అనో రావాలి. నష్టం అక్కడ ఎట్ల కూర్చుంటుంది?

పాలమూరు సారు: పద్యమని ఎవరన్నారు? అన్నట్టు లాటిన్ సోనస్, మన స్వనం ఒక తల్లి పిల్లలే. నిస్వనం అన్నా అదే.

సూర్యాపేట ఛందస్సు: నాకైతే సోనవానలో 'సోన' వినిపిస్తుంది. స్టేషన్ దొరకనప్పుడు ఆ గరగర అచ్చం అదే.

పాలమూరు సారు: సోనీ పెట్టిన ఇబుకా, మొరీటా సోనవానలో తడిసి పేరు పెట్టారంటావా?

మిర్యాలగూడ బియ్యం: వాళ్లు ముందు చేసింది రేడియో కాదు, అన్నం వండే తొట్టి. 1946లో ఇరవై మందితో, 1,90,000 యెన్‌లతో మొదలైన కంపెనీ. చెక్క తొట్టి అడుగున అల్యూమినియం పలకలు పెట్టి కరెంటిచ్చారు. బియ్యాన్ని బట్టి, నీళ్లను బట్టి ఒకసారి పలుకు, ఒకసారి ముద్ద. అమ్మకానికే పోలేదు. అన్నం పలుకైనోళ్లు తర్వాత పలికే పెట్టె చేశారు, చూడండి! మిల్లుల ఊరివాణ్ని, నాకు ఇదే గుర్తుంటది.

సూర్యాపేట ఛందస్సు: ఆహా, పలుకు! పోతన అయితే ఆ నకారాన్ని పోనిచ్చేవాడా అసలు? ఒకటి దొరికితే ఇంకో పది తెచ్చి వరసగా కూర్చోబెట్టేవాడు. పద్యం ముగిసినా చెవిలో ఆ అక్షరమే తిరుగుతుంటది.

పాలమూరు సారు: ఏ చర్చ అయినా బమ్మెర దాకా నడిపించుడు మీకు అలవాటే. నష్టం సంగతి చెప్పండి.

దేవరకొండ పాతకాపు: ఇప్పుడే అత్తమ్మకు ఫోన్ చేసిన. 'నకారం లేదు గికారం లేదు బిడ్డా, ఒక్క నట్టు పోతే లాభం లేదనేటోడు మీ మామ, నేల మీద వెతుక్కుంట' అంటున్నది.

మిర్యాలగూడ బియ్యం: 😂😂

పాలమూరు సారు: అది పాఠాంతరం. అత్తమ్మ దుకాణంలో కూర్చునేదా, ఇంట్లో ఉండేదా? ముందు అది కనుక్కో.