రుబీడియం ఫేజులో రోజువారీ అల: గది వేడా, అయనోస్ఫియరా?

విజయనగరంలో 10 మెగాహెర్ట్జ్ రుబీడియం ఆసిలేటర్‌ని (రుబీడియం అణువుల ఆధారంగా నడిచే గడియారం) జీపీఎస్ సెకను పల్స్‌తో టైమ్ ఇంటర్వల్ కౌంటర్ (రెండు పల్స్‌ల మధ్య వ్యవధిని కొలిచే పరికరం) మీద పోలుస్తున్నాం. ఆ రెంటికీ మధ్య కాలపు తేడానే ఇక్కడ ఫేజు అంటున్నాను. రిసీవర్‌కి ఎల్1 (1575.42 మెగాహెర్ట్జ్ జీపీఎస్ సిగ్నల్) ఒక్కటే ఉంది, కాబట్టి అయనోస్ఫియర్ జాప్యాన్ని అది నేరుగా కొలవలేదు. సాటూత్ (రిసీవర్ పల్స్‌లో రంపపు పళ్లలా వచ్చే చిన్న దోషం) సరిచేసి, డ్రిఫ్ట్ (ఆసిలేటర్ నెమ్మదిగా పక్కకి జరగడం) తీసేశాక కూడా ఫేజులో 24 గంటల అల మిగులుతోంది. ఎత్తుకీ పల్లానికీ తేడా 60 నానోసెకన్లు, శిఖరం సాయంత్రం 6 ప్రాంతంలో.

చిక్కంతా ఆ 6 గంటల దగ్గరే. వేడి మార్చేది ఫ్రీక్వెన్సీని. ఫేజు దాని సమాకలనం. అంటే గది మధ్యాహ్నం 3కి బాగా వేడెక్కితే ఫేజు శిఖరం రాత్రి 9కి రావాలి. అయనోస్ఫియర్ జాప్యం అలా కాదు, నేరుగా ఫేజులోనే పడుతుంది కాబట్టి శిఖరం 2, 3 గంటల మధ్యే రావాలి. 6 అంటే రెండూ కలిశాయనే అనుమానం. అంకెలు కూడా ఎటూ తేల్చడం లేదు. 100 టెక్ యూనిట్లకి (సిగ్నల్ దారిలోని మొత్తం ఎలక్ట్రాన్ల కొలమానం) ఎల్1 మీద నిలువుగా 54 నానోసెకన్ల జాప్యం. అటు చూస్తే 60 నానోసెకన్ల అలకి ఫ్రీక్వెన్సీ ఇటూ అటూ 2.2 × 10⁻¹² వంతు ఊగితే చాలు, బేస్‌ప్లేట్ (ఆసిలేటర్ అడుగున వేడిని బయటికి పంపే లోహపు పలక) ఒకటి రెండు డిగ్రీలు మారినా ఆ మాత్రం రావచ్చు.

గది వేడి తగలకుండా థర్మోకోల్ పెట్టెలో మూసేస్తే రుబీడియం తన వేడికి తనే ఉడికిపోతుంది. బేస్‌ప్లేట్‌ని ఫ్యాన్‌తో 0.1 డిగ్రీలో నిలిపిన వారెవరైనా ఉన్నారా? హీట్‌సింక్ ఎంత, సెన్సర్ ఎక్కడ అతికించారు? శ్రీకాకుళం వైపు ఎవరి దగ్గరైనా ఎల్1, ఎల్5 (మరో ఫ్రీక్వెన్సీ సిగ్నల్; రెంటినీ పోలిస్తే అయనోస్ఫియర్ జాప్యం తెలుస్తుంది) రెండూ అందుకునే రిసీవర్ ఉంటే, అవే తేదీల డేటా పంచుకోగలరా అండీ?