గొడుగో జన్నిదమో... మధ్యలో ఏదో జారిపోయింది

సంచారి: వచ్చే నెల వియత్నాం, లావోస్, కంబోడియా తిరగడానికి బయల్దేరుతున్నాను. కొన్ని నెలల ప్రయాణం. సంచి ఒకటే, 40 లీటర్లది. నేను ఎక్కే విమానాల్లో చేతి సామాను 7 కిలోలు దాటకూడదు, అందులో సంచి బరువూ కలిపే. అందుకని ప్రతి వస్తువునీ వంటింటి కాటాలో తూచి పెడుతున్నాను. గొడుగా, రెయిన్‌కోటా అని తేల్చుకోలేక కూర్చుంటే పోతన భాగవతంలోని వామనుడి పద్యం నోట్లోకొచ్చింది. "గొడుగో జన్నిదమో కమండలమొ నాకున్..." అక్కడ ఆగిపోయింది. చివర "దండమో" అని తెలుసు. మధ్యలో ఇంకో వస్తువుంది. ఏమిటది? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

మత్తేభం: "ముంజియో దండమో". అది సరే, "కమండలమొ" ఎక్కడిదండీ? "కమండలువొ".

తాటిముంజె: నా పేరు పద్యంలో ఉందని ఇన్నాళ్లూ తెలియదు.

పంతులుగారు: అది వేసవిలో తినే ముంజె కాదు నాయనా. ముంజ గడ్డితో పేనిన మొలతాడు. సంస్కృతంలో మౌంజి. వడుగునాడు నడుముకు చుడతారు.

సంచారి: ధన్యవాదాలు మాస్టారూ! నా దగ్గర దానికి బదులు పాస్‌పోర్టు దాచే బెల్టు ఉంది. కానీ మా తాతయ్య "కమండలమొ" అనే చదివేవారు. మత్తేభంగారూ, "మొ" అన్నా గణం చెడదు కదా?

మత్తేభం: చెడదు, చిక్కంతా అక్కడే. డ-లు-వొ, డ-ల-మొ, రెండూ మూడు లఘువుల న గణమే. యతి "గొ"కీ "కున్"కీ, కాబట్టి అదీ సాక్ష్యం చెప్పదు. చాలామంది "వో" అని సాగదీస్తారు, అప్పుడు మాత్రం మూడోది గురువై న గణం పోతుంది. మీ తాతగారు హ్రస్వమే పలికారంటే ఛందస్సు తెలిసినవారే.

పంతులుగారు: ఛందస్సు తేల్చకపోతే వ్యాకరణం తేలుస్తుంది. కమండలు శబ్దం ఉకారాంతం. గురువు, ధేనువు ఎలాగో కమండలువు అలాగ. "కమండలం" అని మనం నోటికొచ్చినట్టు అనుకుంటున్నాం, పోతన అనడు.

ఓరుగల్లు పిల్ల: అనడని మీరెట్ల చెప్తరు మాస్టారూ? యజ్ఞోపవీతం అనకుండా "జన్నిదం" అన్నవాడు ఆ పక్కనే కమండలం అంటే తప్పేంది? మా బమ్మెర పోతన వాడుక మాటకు ఏనాడూ సిగ్గుపడలే.

కడప కుర్రోడు: మీ బమ్మెరా? ఒంటిమిట్టకు ఒకసారి రాండి అక్కా, మాట్లాడుకుందాం.

నిర్వాహకుడు: పోతనది బమ్మెరా, ఒంటిమిట్టా అన్న గొడవ ఈ చర్చలో వద్దు. పోయినసారి మూడొందల వ్యాఖ్యలు తొలగించాల్సి వచ్చింది.

పెరటి చెట్టు: మీరంతా "లు" దగ్గర కొట్టుకుంటున్నారు గానీ, అసలు పేచీ "ఓ"తో. "గొడుగో జన్నిదమో" అంటే "గొడుగు గానీ జన్నిదం గానీ" అని వికల్పం. అంటే అయిదిట్లో ఏదో ఒకటి చాలు అంటున్నాడు. సంచారిగారు 7 కిలోలంటున్నారు, వామనుడిది ఒక్క శాల్తీ!

మత్తేభం: వికల్పం కాదు, జవాబు. ముందు పద్యం గుర్తు చేసుకోండి. "వసుధాఖండము వేడితో గజములన్ వాంఛించితో" అని బలి ఓకారాలు గుప్పిస్తాడు. భూమి అడిగావా, ఏనుగులు అడిగావా అని. దానికి వడుగు, అంటే బ్రహ్మచారి వామనుడు, అదే ఓకారంతో బదులిస్తున్నాడు. నాకేదైనా కావాలంటే గొడుగో, దండమో, ఇలాంటివి. ఏనుగులు నాకెందుకు? అందుకే వెంటనే "వడుగే నెక్కడ భూము లెక్కడ".

పెరటి చెట్టు: బాగుంది. కానీ అవన్నీ అతని దగ్గర అప్పటికే ఉన్నాయిగా? ఉన్నవాటిని ఎవరైనా కోరుకుంటారా?

పంతులుగారు: ఉన్నమాట నిజమే. ఉపనయనంలో వచ్చినవే అన్నీ. జన్నిదం బృహస్పతి ఇచ్చాడు, ముంజి కశ్యపుడు, దండం చంద్రుడు, గొడుగు ఆకాశం, కమండలువు బ్రహ్మ. ఒక్కటీ కొన్నది కాదు. "నాకు తగినవి ఇవే" అని అన్వయం చెప్పుకుంటే సరిపోతుంది. (బ్రహ్మ ఇచ్చింది కమండలువు, కమండలం కాదు.)

ఓరుగల్లు పిల్ల: బ్రాకెట్లో కూడా వదలరా మాస్టారూ!

కందిపొడి: నేను ఆ దేశాలు తిరిగొచ్చాను. సంచారిగారూ, దండం వద్దు. చాలా విమానాశ్రయాల్లో ట్రెక్కింగు కర్రను చేతి సామానులో రానివ్వరు. కమండలువు తీసుకెళ్లండి, తనిఖీ దగ్గర ఖాళీగా ఉండాలి, లోపలికెళ్లాక నింపుకోవచ్చు. ద్రవం ఏదైనా సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదు. అమ్మ ఇచ్చే ఆవకాయ సీసాతో అక్కడ వాదన పెట్టుకోకండి. పవర్ బ్యాంకు మాత్రం చేతి సామానులోనే ఉండాలి. బట్టలు మూడు జతలు చాలు, రాత్రి ఉతికి ఆరేసుకుంటే సరి. గొడుగు మడిచేది ఒకటి ఉంచుకోండి. ఆ ఎండా వానా రెండింటికీ అదే దిక్కు, రెయిన్‌కోటులో ఉడికిపోతారు.

పాతపుస్తకం: మూడు జతలా! 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారి వెంట నూరుమంది దాకా పరివారం. తిరిగొచ్చింది 1831లో. ఆయన పల్లకీలో వెళ్లారు. అదీ యాత్ర.

తాటిముంజె: ఆ నూరుమందికీ చేతి సామాను 7 కిలోలేనా?

కడప కుర్రోడు: తేలిగ్గా పోవడమంటే అసలు పద్యం అది కాదు. శుక్రుడు వద్దన్నప్పుడు బలి చెప్పేది. "వారేరీ సిరి మూటగట్టుకొని పోవంజాలిరే". చదివితే ఒళ్లు జలదరిస్తుంది. "సిరిన్" అని చదివేవాళ్లున్నారు, శార్దూల వృత్తం కుంటుతుంది.

మత్తేభం: ఒప్పుకుంటాను. జడానికి, అంటే ప్రాణంలేని వస్తువు పేరుకి, ద్వితీయ బదులు ప్రథమ ఎటూ చెల్లుతుంది. కానీ "భూమిపై" ఎటు పోతుందంటారు? పాదం ఆఖరున ఉంది కదా అని "భూమిపై పోవంజాలిరే" అని చదివేస్తున్నారు. అది కింది పాదానిది. "భూమిపై పేరైనం గలదే" అని కలపాలి.

కడప కుర్రోడు: రెండిటికీ కలుపుకోవచ్చు. పోతన అంత లెక్కగా తూచడు.

పెరటి చెట్టు: సిరి సంగతేమో గానీ, ఇప్పుడు మనం మూటగట్టుకునేవి పాపం, అపకీర్తి, విమర్శలు. పేపర్లు తీసి చూడండి. "అపప్రథ మూటగట్టుకున్న ప్రభుత్వం" అంటారు. పొగడ్తలు మూటగట్టుకున్నవాణ్ని ఒక్కణ్ని చూపించండి.

ఓరుగల్లు పిల్ల: పుణ్యం మూటగట్టుకుంటరు కదా. మా దిక్కు ముల్లె కూడ కడతరు. సద్ది ముల్లె.

పాతపుస్తకం: మా వైపు ముల్లె అంటే సొమ్ము. "నీ ముల్లేం పోయింది" అంటాం. మూటాముల్లె అంటే బట్టలూ డబ్బూ అన్నమాట. పెట్టేబేడా కూడా అలాంటిదే, బేడ అంటే రెండణాలు.

పంతులుగారు: పెట్టె పక్కన రెండణాలేమిటండీ? అంత పెద్ద ప్రయాణానికి బేడ ఏ మూలకు?

పాతపుస్తకం: ఆ రోజుల్లో బేడ విలువ మీకు తెలియనిదా మాస్టారూ!

సంచారి: అందరికీ నమస్కారం. ముంజి దొరికింది, గొడుగు పెట్టేశాను. సంచి ఇప్పుడు 6 కిలోల 800 గ్రాములు. సామాను గురించి ఒక్క ముక్క అడిగితే ఆ పద్యాలొచ్చాయేమిటి అని మా ఆవిడ నవ్వుతోంది. కానీ తాతయ్య "కమండలమొ" అనే అనేవారు, ఇది మాత్రం ఖాయం.

పంతులుగారు: తాతగారి మీద గౌరవంతోనే అంటున్నా, తప్పు చదివారు. మా అటక మీద వావిళ్ళవారు అచ్చువేసిన భాగవతం ప్రతి ఉంది. ఆదివారం మా అబ్బాయి వస్తే నిచ్చెన వేయించి దింపిస్తాను.

ఓరుగల్లు పిల్ల: దింపండి. అచ్చులో ఏముంటే ఏంది, అచ్చు వేసినాయన "ము" తీసి "వు" పెట్టలేదని ఏం నమ్మకం?

మత్తేభం: అయితే తాళపత్రాల దాకా పోవాల్సిందే. మాస్టారూ, మీ అటక మీద అవీ ఉన్నాయా?